జానెడు ఖాళీ

మాస్టారు పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు "ఇంకెవరైనా నాలుగు మాటలు చెబుతారా?" అని రెండుసార్లు అడిగారు. రెండోసారి ఆయన నా వైపే చూశారు. పాపని ఒళ్ళో సర్దుకుంటున్నట్టు నేను తల దించుకున్నాను.

అప్పటికే చాలామంది మాట్లాడారు. తమ పెళ్ళి వీడియో తీసింది ఆయనేనని ఒకరు, తమ పిల్లల పెళ్ళిళ్ళకీ ఆయనే వచ్చారని ఇంకొకరు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు గొడుగు కెమెరాకి పట్టి తను తడిసేవారని ఒక పెద్దాయన చెబితే, అందరూ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. ఆయన ఇంటి వెనకగది మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తవలసింది నేను. లేచి నిలబడితే, ఆయన గుండెకి స్టెంటు వేయించుకోవడానికి కాకినాడ వెళ్ళిన పది రోజుల్లో నేను చేసిన పని చెప్పాలి. అది దాచి ఆయన గురించి చెప్పగలిగింది నా దగ్గర ఏమీ లేదు.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. పాప నిద్రపోయింది. తను నిద్రపోతే ఊపిరి లెక్కపెడుతూ కూర్చోవడం నాకు అలవాటు. ఇవాళ కాసేపు అది మాని ఇది రాస్తాను.

అమలాపురంలో మేము అద్దెకి దిగిన ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఊళ్ళో ఆయన్ని మిక్సింగు మాస్టారు అంటారు. పెళ్ళి వీడియోల ముక్కలు అతికి, పాటలు కలిపి, వధూవరుల మీద తెర నిండా గులాబీ రేకులు రాల్చే పనిని ఇక్కడ మిక్సింగు అంటారు. ముప్ఫై ఏళ్ళు అదే చేశారు. పొట్టిగా ఉండేవారు. లుంగీ మీద చొక్కా జేబులో ఎప్పుడూ చెక్కిన పెన్సిలు. ఎవరు ఏం చెప్పినా ముందు "ఆయ్" అని, ఆ తర్వాత ఆలోచించేవారు.

మా పాపకి పుట్టుకతోనే కండరాలు నీరసించిపోయే జబ్బు ఉంది. ఇప్పటికి మందు లేదని, వస్తే రావచ్చని, ఎప్పుడన్నది చెప్పలేమని పెద్ద డాక్టర్లు చెప్పారు. నిలబడడానికి తన కాళ్ళకి ప్లాస్టిక్ అచ్చులు కడతాం. వాటి లోపల మెత్తటి గుడ్డ పట్టీలు ఉంటాయి. పట్టీ ఏమాత్రం తడిగా ఉన్నా తొడుగు లోపల చర్మం ఒరుసుకుని పుండవుతుంది. మా వానాకాలంలో రుమాలు ఆరడానికే రెండు రోజులు పడుతుంది.

మేము దిగిన ఏడాది అలాంటి వానల్లోనే, నేను పట్టీలని ఇస్త్రీపెట్టెతో నొక్కుతూ ఏడుస్తుంటే గోడ మీంచి మాస్టారి భార్య తొంగిచూశారు.

"ఏవమ్మా, ఆ గుడ్డలు ఇలా తెచ్చెయ్యి. వీధిలో బట్టలన్నీ మా ఇంట్లోనే ఆరతాయి. ఇంటాయన పుణ్యమాని మాకు ఎండాకాలం పన్నెండు నెలలూ ఉంటుంది."

అలా మొదటిసారి ఆ వెనకగదిలోకి వెళ్ళాను. బయట జోరున వాన, లోపల వేడి పొడిగాలి. గోడ పొడుగునా పాత వీడియో క్యాసెట్ల ర్యాకు ఉంది. క్యాసెట్లు లేవు. ఆ అరల్లో కంప్యూటరు గ్రాఫిక్స్ కార్డులు మూడు నిలబెట్టి ఉన్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వాటి ఎదురుగా తాడు కట్టి ఉంది. తాడు నిండా వీధివాళ్ళ జాకెట్లు, బడి యూనిఫారాలు, ఎవరివో పసిపిల్లల లంగోటీలు.

"రండమ్మా, రండి. మావాళ్ళని పరిచయం చేస్తాను," అన్నారు మాస్టారు. మావాళ్ళంటే కార్డులు. ఆయన వాటికి వరసలు కలిపి పెట్టుకున్నారు. తన మిక్సింగు మొదటి రోజుల్లో కొన్న కార్డు పెద్దావిడ. కాలేజీ దగ్గర మూతబడిన గేమ్స్ సెంటర్లోంచి వచ్చింది చిన్నోడు. మూడోది అందరికంటే పెద్దది, బలమైనది. అల్లవరంలో రొయ్యల చెరువులున్న ఒకాయన బిట్‌కాయిన్‌లాంటి కంప్యూటరు నాణేలు సంపాదిద్దామని కొని, మోజు తీరాక అమ్మేసినది. దాని పేరు అల్లుడుగారు.

"అల్లుడుగారికి మేత ఎక్కువండి, వేడి ఎక్కువ, మర్యాద ఎక్కువ. కానీ కూర్చుంటే మాత్రం పదిమంది పని చేసేస్తారు."

"సొంత కూతురు లేదుగానీ, అల్లుడు మాత్రం ఉన్నాడు ఈయనకి," అన్నారు ఆవిడ గుమ్మంలోంచి. "మా పెళ్ళిలో కూడా నా మొహం చూడలేదమ్మా. వీడియో లైటు ఎక్కడ పెట్టేరా అని చూసుకున్నారు."

"లైటు సరిగ్గా పెట్టబట్టే కదే, ఫొటోలో అంత బాగున్నావు."

నేను పట్టీలు తాడు మీద వేయబోతే ఆయన ఆపారు. "ఒక్క నిమిషమండి. ర్యాకుకీ బట్టకీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. గాలి ఆడకపోతే వీళ్ళకి తల తిరిగిపోతుంది." బొటనవేలూ చిటికెనవేలూ చాపి కొలిచి చూపించారు. తర్వాత నా చంకలో ఉన్న పాపని చూసి, "పాపమ్మగారూ, మీ జాన ఎంతో పెట్టండి చూద్దాం," అన్నారు.

నేను పాపని ర్యాకు దగ్గరికి వంచి పట్టుకున్నాను. తను నాలిక కరుచుకుని చిన్న చెయ్యి ఒకసారి చాపి, జరిపి, మళ్ళీ చాపింది. రెండు జానలు.

"ఆయ్! ఇవాళ్టినుంచి ఈ గదికి కొలతల ఆఫీసరుగారు మీరే. మీరు కొలిచి సరే అంటేగాని ఎవరి గుడ్డా పడదు."

ఆరోజు నుంచి పాప నిజంగానే ఆఫీసరు. పక్కింటి టీచరుగారి చీరని కూడా "ఆంటీ, ఆగండి, కొలవాలి" అని ఆపేది. నడవలేని నా పిల్ల మాటకి మనుషులు ఆగిన మొదటి చోటు ఆ గది.

ఆ కార్డులు ఏం చేస్తున్నాయని నేను అడిగితే "లెక్కలండి" అన్నారు. "మనవి కాదు. ఎక్కడెక్కడో సైంటిస్టులవి. ఒంట్లో ప్రొటీన్లు ఎలా మడతపడతాయి, ఏ మందు వాటికి అతుక్కుంటుంది, ఇలాంటివి. వాళ్ళ యంత్రాలు చాలక, లెక్కని ముక్కలు చేసి అడిగినవాళ్ళందరికీ పంచుతారు. మనం చేసి పంపించేస్తాం."

"ఏమైనా ఇస్తారా?"

"ఏమీ ఇవ్వరండి."

"మరెందుకు మాస్టారూ?"

ఆయన నా ప్రశ్న అర్థం కానట్టు చూశారు. "ఖాళీగా ఉన్నాయి కదండి."

ఖాళీగా ఉన్నదాన్ని ఆయన చూడలేరు. అది ఆయన జబ్బు అనేవారు ఆవిడ. వాడని సైకిలు ఉంటే ఎవరికో ఇచ్చి తిప్పించాలి. చర్చిలో మూలపడ్డ హార్మోనియం తెచ్చి, మెట్లు బాగుచేసి, ఆదివారం బడి పిల్లల ముందు పెట్టాలి. ఆయన దుకాణంలో పెళ్ళి వీడియో కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్ళ ఒళ్ళో చిక్కుడుకాయల పళ్ళెం పెట్టి "ఈనెలు తీస్తూ ఉండండి, అయిపోవస్తోంది" అనేవారు. పెళ్ళికొడుకుల తండ్రులు కూడా బుద్ధిగా ఈనెలు తీసేవారు.

నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివానని తెలిశాక, ఆ కార్డులకి పనులు ఎలా అమరుస్తారో నాకు చూపించడం మొదలుపెట్టారు. పెద్దావిడది ఒక కంపెనీ, అల్లుడుగారిది ఇంకో కంపెనీ. ఒకరిని నడిపే డ్రైవరు సాఫ్టువేరు ఎక్కిస్తే రెండోవారు అలిగి మాయమైపోయేవారు. పెద్దావిడకి జ్ఞాపకం తక్కువ, కొన్ని లెక్కలు మధ్యలో మరిచిపోతుంది. అలాంటివి ఆవిడకి ఇవ్వొద్దని ఒక ఫైల్లో వేరే వాక్యం రాయాలి. చిన్నోడికి ఒకేసారి రెండు చిన్న పనులు ఇవ్వొచ్చు. అల్లుడుగారికి కరెంటు పరిమితి కట్టాలి. ఇవన్నీ నెలల తరబడి ఒక్కొక్కటే మార్చి చూసి, తేలినదాన్ని పెన్సిలుతో శుభలేఖల వెనక రాసేవారు. వీడియోలో పేర్లు తప్పు పడకుండా ప్రతి పెళ్ళివారి దగ్గరా ఒక శుభలేఖ తీసుకోవడం ఆయన పద్ధతి. పని అయ్యాక అవి ఖాళీగా ఉండకూడదు మరి. ఒక్కో కార్డు పక్కన ఒక్కో శుభలేఖ దారంతో వేలాడేది. ముందువైపు పసుపు మరకా చిరంజీవుల పేర్లూ, వెనకవైపు అంకెలూ.

ఒకరోజు ఆ ఫైల్లో మొదటి వాక్యం చూపించారు. "ఇది రాయకపోతేనండి, ఈ సాఫ్టువేరు మూడు కార్డుల్నీ చూసి, బలమైనదాన్ని ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. మిగతా రెండూ దానికి లేనట్టే. చెడ్డదేమీ కాదండి, దాని అలవాటు అంత. అన్నింటికీ పని ఇవ్వు అని మనమే రాసి చెప్పాలి."

అది మేము దిగిన మరుసటి ఏడు జూన్. ఆ నెలలోనే ఒక బడివాళ్ళు "తరగతి మేడ మీదండి, పాప ఎక్కలేదు కదా" అని మర్యాదగా చెప్పి మమ్మల్ని పంపించేశారు. నేను ఆ వాక్యాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఆయన పాపకి ఈనెలు తీయమని చిక్కుడుకాయలు ఇచ్చారు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఎక్కడో మందులు వెతుకుతున్నారని విన్న తల్లి ఆగలేదు. నాకు ఆ గది బట్టలు ఆరే గదిగా కనిపించడం మానేసింది. రోజూ వెళ్ళి తెర మీద ప్రాజెక్టుల పేర్లు చదివేదాన్ని. ఒకదాంట్లో క్యాన్సరు, ఒకదాంట్లో మలేరియా. ఒకనాడు ఉండబట్టలేక అడిగాను.

"మాస్టారూ, వీటన్నిటినీ మా పాప జబ్బు మీద పెట్టండి."

"ఆయ్," అన్నారు. ఆ తర్వాత ఆలోచించారు. రెండు రోజులు వెతికారు. కండరాల జబ్బుల మీద ఒక చిన్న ప్రాజెక్టు ఉందన్నారు.

"మా పాప జబ్బేనా?"

"దూరపు చుట్టం అనుకోండి. అదే ఇది అని నేను అనలేను." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంకోటండి. వాళ్ళు పని ఎప్పుడో గానీ పంపరు. అల్లుడుగారిని దీనికి పెడదాం. పని లేనప్పుడు ఆయన వేరేది చేసుకుంటారు, రాగానే అది ఆపి ఇది అందుకుంటారు. అలా రాయొచ్చు."

"వద్దు. వేరే పనిలో ఉండగా ఇది వస్తే? ఆలస్యమైతే? దీనికోసమే ఉంచండి మాస్టారూ. ఇంకేమీ ఇవ్వకండి."

ఆలస్యం కాదని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఆ చదువే నేనూ చదివాను. అయినా ఆ కార్డు మా పాప కోసం మాత్రమే ఉందని తెలియడం నాకు కావాలి. ఆయన నా మొహం చూశారు, ఒళ్ళో పాపని చూశారు.

"అలాగేనండి," అని ఒక వాక్యం రాశారు. అల్లుడుగారి ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. గదిలో మోత తగ్గింది. మాస్టారు లేచి బయట అరుగు మీద కూర్చున్నారు.

శ్రావణం వెళ్ళింది, భాద్రపదం వెళ్ళింది. పని రాలేదు. అందరికంటే బలమైన కార్డు ఖాళీగా కూర్చుంది. "అల్లుడి వైపు తాడు మీద గుడ్డలు ఆరట్లేదండి" అని వీధివాళ్ళు ఫిర్యాదు. "రోజుకి పదిసార్లు వెళ్ళి దాని మీద చెయ్యి పెట్టి చూస్తున్నారమ్మా," అన్నారు ఆవిడ నాతో. "చల్లగా ఉందిట. ఈయనకి అన్నం సయించట్లేదు." నేను నవ్వలేదు, క్షమించమని అడగలేదు. ఆయన చాటుగా దానికి వేరే పని ఇస్తున్నారేమోనని మాత్రం వెళ్ళి చూసుకునేదాన్ని. ఒక్కనాడూ ఇవ్వలేదు.

ఆ వానల చివర ఆయనకి ఛాతీలో నొప్పి వచ్చింది. కాకినాడ తీసుకెళ్తుంటే గది తాళం నా చేతిలో పెట్టారు. "ఏమీ చేయకండమ్మా. చూస్తూ ఉండండి చాలు. చూస్తూ ఉండడం కూడా పనేనండి."

మూడోరోజు ఉదయం వంటింట్లో ఉండగా గోడ అవతలినుంచి కొత్త మోత వినిపించింది. అల్లుడుగారి ఫ్యాను. పాపని ఎత్తుకుని పరుగెత్తాను. తెర మీద కండరాల ప్రాజెక్టు పనులు ఒకదాని కింద ఒకటి, ఇరవై. ఒక్కోదానికి ఆరు గంటలు పడుతుందని చూపిస్తోంది. మళ్ళీ ఎన్ని నెలలకి వస్తాయో, ఉన్నవి అయ్యేలోగా ఇంకొకరు ఎత్తుకుపోతారేమో! శుభలేఖ వెనక "అల్లుడుగారు: కరెంటు నూటికి డెబ్బై దాటరాదు" అని రెండు గీతలు కొట్టి ఉంది. అది మనిషి జాగ్రత్త అనుకున్నాను, పెద్దవాళ్ళ భయం. పరిమితిని వందకి జరిపాను. మర్నాడు వంద కూడా దాటించాను. ఆరు గంటల పని నాలుగింటిలో అయిపోయింది.

తుఫాను వానలు. వీధంతా తడిబట్టలు పట్టుకొచ్చింది. గది పొయ్యిలా ఉంది కనక బట్టలు గంటలో ఆరిపోతున్నాయి. అందరూ సంతోషం. నేను మా బొంత కూడా తెచ్చి, ర్యాకుకి ఆనించినంత దగ్గరగా వేశాను.

"అమ్మా, నేను కొలవలేదు," అంది పాప.

"తర్వాత కొలుద్దువుగానిలే."

ఆ వారం నేను ఎంత ఆనందంగా ఉన్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఎన్ని పనులు పంపామో మా ఆయనకి రోజూ లెక్క చెప్పేదాన్ని. రొయ్యల మేత అమ్మడానికి పొద్దస్తమానం అల్లవరం చెరువుల మీద తిరిగి వచ్చిన మనిషి, అన్నం తింటూ "మంచిది, మంచిది" అనేవాడు.

పదోరోజు మాస్టారు ఆటో దిగి నేరుగా వెనకగదిలోకి వచ్చారు. గుమ్మంలోనే వేడి తగిలి ఆగారు. బొంత తీసి నా చేతికిచ్చారు. తర్వాత కుర్చీలో కూర్చుని ఒక పేజీ తెరిచారు, నేను ఆ పది రోజుల్లో ఒక్కసారి కూడా తెరవని పేజీ. పంపినవాటిలో ఎన్ని చెల్లాయో అందులో ఉంటుంది. నేను పంపిన లెక్కే చూశాను, చెల్లిన లెక్క చూడలేదు. తెర నిండా ఎర్రగా, వరసగా, ఒకటే మాట. చెల్లలేదు. చెల్లలేదు. చెల్లలేదు.

"ఏమైంది మాస్టారూ?"

"ఒకే లెక్కని ఇద్దరికి ఇస్తారండి. ఒకరికొకరు తెలీదు. ఇద్దరి జవాబూ కలిస్తేనే నిజమని రాసుకుంటారు. కలవకపోతే మూడోవారిని అడుగుతారు." పరిమితిని డెబ్బైకి దించారు. అల్లుడుగారి మీద చెయ్యి పెట్టి, కాలడంతో తీసేశారు. "తొందరపెడితే ఇది ఆగిపోదండి. ఆగిపోతే బాగుండును. అబద్ధం చెప్పేస్తుంది. అది అబద్ధమని దానికీ తెలీదు."

"అయితే ఈ ఎనిమిది రోజులూ..."

"ఎవరో మూడోవారు మళ్ళీ చేసేరండి. లెక్క పోలేదు."

"ఎనిమిది రోజులు పోయాయి మాస్టారూ."

"ఆయ్," అన్నారు. "పోయేయండి."

నేను నేల మీద కూలబడ్డాను. పాప భయపడి ఏడ్చింది. నేను చేసిన తప్పుకి నేను ఆయన మీద అరిచాను. "పాపకి మందు అందుతుందా లేదా చెప్పండి! ఎప్పుడడిగినా తెలీదు అంటారు. ఒక్కసారి అందుతుందని అంటే మీ సొమ్మేం పోతుంది?"

గుండెకి స్టెంటు వేయించుకుని అప్పుడే వచ్చిన మనిషి. చెయ్యి ఛాతీ మీద ఉంది.

"అనొచ్చండి. అనేసేక రోజూ నేను పాపమ్మగారి మొహం చూడాలి కదండి."

అంతే అన్నారు. తిట్టలేదు. తాళం వెనక్కి తీసుకోలేదు. పాపని పిలిచి, తాడుకీ ర్యాకుకీ మధ్య కొలవమన్నారు. తను వెక్కుతూనే కొలిచింది. రెండు.

తప్పులు పంపిన యంత్రాన్ని వాళ్ళు నమ్మరట. పని ఎంత ఉన్నా రోజుకి ఒక్కటే ఇస్తారు. ఆ ఒక్కటీ సరిగ్గా చేస్తే, కొన్నాళ్ళకి రెండు. మాస్టారు ఆ ఒక్కదాని దగ్గర పొద్దున్నే కూర్చునేవారు. జవాబు చెల్లగానే గోడ దగ్గరికి వచ్చి కేకేసేవారు. "పాపమ్మగారూ! ఒకటి చెల్లిందండి!" మంచం మీంచి పాప "ఆయ్!" అని అరిచేది. క్రిస్మస్‌కి రెండయ్యాయి. సంవత్సరం మారాక నాలుగు. అది మా ఇంట్లో పాలవాడి కేకలాంటిది అయిపోయింది.

ఏప్రిల్‌లో ఒక ఉదయం గోడ అవతలినుంచి కేక రాలేదు. పాప రెండుసార్లు తనే "ఆయ్!" అని అరిచి చూసింది. నేను వంటింట్లో నిలబడి, పని రావడం మళ్ళీ ఆగిపోయిందేమోనని కంగారు పడ్డాను. ఆయనకి ఏమైందోనని కాదు. అది రాయకపోతే ఈ రాసినదంతా చెల్లదు. నేను పనుల గురించి కంగారు పడుతున్నప్పుడే ఆయన ఆ గదిలో, కుర్చీలో, చేతిలో పెన్సిలుతో వెళ్ళిపోయారు.

ఆవిడ గది కరెంటు మెయిను కట్టేశారు. నెలన్నర తర్వాత నన్ను పిలిచారు. "ఆ మోత లేకపోతే నిద్ర పట్టట్లేదమ్మా, ఉంటే అసలు పట్టదు. నువ్వు తీసుకుపో. ఈయన ఉంటే ఖాళీగా పెట్టనిచ్చేవారు కాదు." ర్యాకు గుమ్మంలో పట్టక, దించి, కార్డులు విడిగా దుప్పట్లో చుట్టి గోడ ఇవతలికి తెచ్చుకున్నాం. మా ముందుగదిలో మళ్ళీ నిలబెట్టడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. కార్డుల చోట్లు మారితే వాటి అంకెలు కూడా మారతాయన్నది మరిచిపోయి, పెద్దావిడ మోయలేని పనిని ఆవిడకే ఇచ్చాను. ఈసారి మాత్రం ముందు చెల్లినవాటి పేజీ చూశాను. ఆపాను. ఒక్కొక్క శుభలేఖ చదువుతూ ఒక్కొక్క వాక్యం రాశాను.

అల్లుడుగారి శుభలేఖలో, డెబ్బై కింద, నేను అంతకుముందు పట్టించుకోని రెండు వరసలు ఉన్నాయి. "పాపమ్మగారి నిమిత్తం ఖాళీగా ఉంచడమైనది. ఎవరూ కదపరాదు." దాని కింద, "ఎడం: నా జాన ఒకటి. పాపమ్మగారివి రెండు."

పెళ్ళి వీడియోల్లో పేర్లు వేసే ఆ గుండ్రటి అక్షరాలే.

మళ్ళీ వానలు మొదలయ్యాయి. పాపకి ఇప్పుడు ఆరేళ్ళు. పోయిన వానాకాలంలో పళ్ళెంలో చిక్కుడుకాయలు ఒక చేత్తో అందుకునేది. ఇప్పుడు గ్లాసు పట్టుకోవడానికే రెండు చేతులూ కావాలి. పరిమితిని వందకి జరపాలని నా మనసు రోజూ పీకుతుంది. జరపడం లేదు. రోజుకి ఎన్నిసార్లు జరపకుండా ఉంటున్నానో ఎవరికీ చెప్పను.

నిన్న మధ్యాహ్నం కండరాల ప్రాజెక్టు నుంచి ఒక పని వచ్చింది. డెబ్బై దగ్గరే, ఆరు గంటలు, నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను. పూర్తయింది, వెళ్ళింది. ఇంకా చెల్లలేదు, చెల్లకుండా పోలేదు. రెండో జవాబు రావాలట. ఎక్కడో ఎవరో, నాకు తెలియనివాళ్ళు, అదే లెక్క చేస్తూ ఉండాలి. వాళ్ళు తొందరపడకూడదని మొక్కుకున్నాను.

ఈ సాయంత్రం పట్టీలు ఉతికి తెచ్చాను. ముందుగదిలో తాడు కొత్తగా కట్టాను. ఆయన తన జాన ఎంతో పాత ర్యాకు మీద పెన్సిలుతో గీసి పెట్టుకున్నారు, సరిగ్గా అంతే ఎడంలో కట్టాను. పాపని ఎత్తుకుని దగ్గరికి వంచాను.

"ఆఫీసరుగారూ, కొలవండి."

తను నాలిక కరుచుకుని చెయ్యి చాపింది. వేళ్ళు పూర్తిగా విచ్చుకోలేదు. జరిపింది. మళ్ళీ చాపింది. తాడు ఇంకా దూరంగానే ఉంది. మళ్ళీ జరిపింది.

"అమ్మా, మూడొచ్చాయి," అంది. "మాస్టారు రెండని చెప్పారుగా. ఇది పెద్దదైపోయిందా?"

అవునమ్మా, పెద్దదైంది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఎంత చిన్న మాట. అనేస్తే తను నమ్మేసేది, నవ్వేది, నేనూ ఈ రాత్రి పడుకునేదాన్ని.

"లేదు తల్లీ," అన్నాను. "అది అంతే ఉంది."

పాప తన చేతివంక చూసుకుంది. కాసేపటికి "అయితే మూడని రాసుకో," అంది.

పట్టీలు తాడు మీద వేశాను. పెన్సిలు తెచ్చి, శుభలేఖ వెనక, ఆయన రాసిన రెండు కింద మూడు అని రాశాను. ఆయన అంకెని కొట్టేయలేదు.